నాలుగు బెల్టులు, ఒక తాడు: మా క్లాసిక్ 350ని తెనాలి చేర్చిన కథ

రెండేళ్ళ క్రితం చందానగర్ నుంచి వనస్థలిపురానికి ఇల్లు మారినప్పుడు మా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైకుని సామాను లారీలోనే పంపించాను. నలభై కిలోమీటర్లు కూడా ఉండదు, ఏమవుతుందిలే అనుకున్నాను. సామాను మోసేవాళ్ళు దాన్ని బీరువాకీ వాషింగ్ మెషీన్‌కీ మధ్య సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి, హ్యాండిల్ చుట్టూ ఒక నైలాన్ తాడు, సీటు మీదుగా ఇంకో తాడు వేసి "అయిపోయింది సార్" అన్నారు. దింపేసరికి క్లచ్ లివర్ విరిగింది, ట్యాంకు ఎడమ పక్కన గుంట పడింది, తాడు రాసుకున్న చోట పెయింట్ లేచిపోయి ప్రైమర్ కనపడుతోంది. గొడవ పెట్టుకున్నాను, రూపాయి రాలేదు. ఆ గుంట ఇప్పటికీ అలాగే ఉంది.

ఈసారి తెనాలికి మారాల్సి వచ్చింది. ఇంటి సామాను వారం ముందే వెళ్ళిపోయింది, బండి ఒక్కటీ మిగిలింది. మామూలుగా అయితే పొద్దున్నే బయల్దేరి నడుపుకుంటూ వెళ్ళిపోయేవాణ్ణి, మూడొందల కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు, కానీ నా కుడి మోకాలికి లిగమెంట్ ఆపరేషన్ అయి రెండు నెలలే అయింది. బావమరిది "నేను నడుపుకుంటూ తెస్తా బావా" అన్నాడు, వాడి డ్రైవింగ్ నాకు తెలుసు కాబట్టి వద్దన్నాను. రైల్లో పార్సిల్ చేయొచ్చు, సికింద్రాబాద్‌లో ఎక్కిస్తే తెనాలి జంక్షన్‌లోనే దింపుకోవచ్చు, కానీ ట్యాంకులో పెట్రోల్ చుక్క లేకుండా తీసేయాలి, గోనె సంచులతో ప్యాకింగ్ చేయించాలి, పైగా పార్సిల్ బోగీలో ఎవరు ఎలా తోస్తారో మన కళ్ళకు కనపడదు. పాత గుంట గుర్తొచ్చి ఆ ఆలోచన మానేశాను. బొలెరో పికప్ ఒకటి మాట్లాడుకుని, బండిని నేనే కట్టుకుని, డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్దామని తేల్చుకున్నాను.

ముందు టాటా ఏస్ అడిగాను, అదే చవక. కానీ క్లాసిక్ పొడవు 2145 మిల్లీమీటర్లు, అంటే ఏడడుగుల పైన కాస్త. ఏస్ బాడీ కూడా ఏడడుగులకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి వెనక డాలా (తెరిచి మూసే పలక) మూసుకోదు, లేదంటే బండిని ఏటవాలుగా పెట్టాలి. ఏటవాలుగా పెడితే బెల్టులు రెండు పక్కలా ఒకే కోణంలో రావు. అందుకే తొమ్మిదడుగుల బాడీ ఉన్న బొలెరో.

బెల్టుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాను. తాళ్ళు, చైన్లు, పుల్లీలు, స్లింగులు అమ్మే కొట్లు అక్కడ వరసగా ఉంటాయి. రాచెట్ బెల్ట్, అంటే హ్యాండిల్ ఆడిస్తూ బిగించేది, అడిగితే కొట్టతను అరచేయంత వెడల్పున్నది తీశాడు, లారీల మీద మెషీన్లు కట్టేది. బైక్‌కి అంటే అంగుళం వెడల్పుది ఇచ్చాడు. "పదిహేను వందల కిలోలు మోస్తుంది సార్, మీ బుల్లెట్ ఏ మూలకి" అన్నాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ 1500 కిలోలు బెల్టు తెగిపోయే లెక్క. మనం దాని మీద వేయదగ్గ లోడు అందులో మూడో వంతే. బెల్టుకు కుట్టిన నీలం లేబుల్ మీద ఆ లోడు ఎల్‌సీ (లాషింగ్ కెపాసిటీ) అని విడిగా రాసి ఉంటుంది, నాది 500. నీలం రంగంటే పాలిస్టర్ అని అర్థం. లేబుల్ లేని బెల్టులు నూట యాభైకే ఉన్నాయి పక్క కొట్లో, చేత్తో పట్టుకుంటేనే గోనె పట్టాలా ఉన్నాయి.

బండి బరువు 195 కిలోలు. సడన్ బ్రేక్ కొడితే లోపలున్న వస్తువు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని, పక్కలకూ వెనక్కూ అయితే సగమని యూరప్ ప్రమాణాల్లో లెక్క కడతారు. అంటే ముందుకు 156 కిలోల తోపు. నాలుగు బెల్టులు తీసుకున్నాను, ఒక్కోటి 450 రూపాయలు. లెక్కకు రెండు చాలనిపించినా, ఒకటి ఊడితే మిగతావి పట్టుకోవాలి కదా. వీటితోపాటు సాఫ్ట్ లూపులు రెండు జతలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. అవి అడుగున్నర గుడ్డ పట్టీలు, రెండు చివర్లా ఉచ్చులా మడిచి కుట్టి ఉంటుంది. బండికి ఇనుప కొక్కెం తగలకుండా ముందు ఈ పట్టీ చుట్టి, దాని ఉచ్చుల్లో బెల్టు కొక్కెం వేయాలి.

ఆదివారం పొద్దున ఆరింటికి డ్రైవరన్న వచ్చాడు. సూర్యాపేట వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి, ఇరవై ఏళ్ళుగా ఇదే లైను. నా బెల్టులు చూసి నవ్వాడు. "గివన్నీ ఎందుకన్నా, తాడుతోని కడ్త సూడు, విజయవాడ దాంక కదలదు" అని సీటు వెనక నుంచి చెయ్యంత లావు తాడు చుట్ట తీశాడు. నేను పాత కథ చెప్పాను. "వాళ్ళకు కట్టరాక" అన్నాడు. అందులోనూ నిజం ఉందని దారిలో తెలిసింది, కానీ అప్పటికి నేను వినలేదు.

ఎక్కించడమే సగం పని. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రోడ్డు నుంచి లోపలికి రెండడుగుల ర్యాంపు ఉంది. పికప్‌ని వెనక్కి తెచ్చి ర్యాంపు పైఅంచుకు ఎదురుగా ఆపితే ఎత్తు తేడా చాలా తగ్గిపోయింది. పక్కన కడుతున్న ఇంటి వాచ్‌మన్‌ని అడిగి రెండు సెంట్రింగ్ చెక్కలు తెచ్చాం, ఒకటి బండికి, ఒకటి తోసే మనిషి నడవడానికి. చెక్క జారిపోతే బండీ మనిషీ ఇద్దరూ కింద పడతారు కాబట్టి ఒక బెల్టుతో చెక్కను బాడీకి కట్టేశాం. ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేయబోయాను. బావమరిది న్యూట్రల్‌లో పెట్టి తోద్దామన్నాడు, నేను సరే, జారితే ముందు బ్రేక్ పట్టుకుంటాను అన్నాను. సగం దాకా ఎక్కి ఆగిపోయింది. బ్రేక్ పట్టుకున్నాను. ముందు చక్రం తిరగడం ఆగింది గానీ బండి మాత్రం మెల్లగా వెనక్కి జారుతూనే ఉంది, ఎందుకంటే వాలు మీద బరువంతా వెనక చక్రం మీదే ఉంటుంది, ముందు చక్రం తేలిపోయి చెక్క మీద ఈడ్చుకుంటూ వచ్చేస్తుంది. డ్రైవరన్న వెనక నుంచి భుజం ఆనించి ఆపాడు. కిందికి దింపి, ఈసారి ఇంజన్ ఆపి ఫస్ట్ గేర్‌లో పెట్టి క్లచ్ పట్టుకుని తోశాం. ఆగినప్పుడల్లా క్లచ్ వదిలితే వెనక చక్రం బిగుసుకుంటుంది, బండి అక్కడే నిలబడుతుంది. మూడు ఆగుళ్ళలో ఎక్కేసింది.

తర్వాత అసలు పని. డ్రైవరన్న సైడ్ స్టాండ్ వేసి ఆ పక్కకు లాగి కడదామన్నాడు. అలా కడితే బండి బరువూ బెల్టు లాగే బరువూ కలిసి ఒక్క స్టాండ్ పిన్ను మీద పడతాయి, ప్రతి గుంటకీ ఆ పిన్ను మీద సుత్తి దెబ్బే. స్టాండ్ ఎత్తేసి, బండిని నిటారుగా, దాని చక్రాల మీద, దాని షాకబ్జర్ల మీద నిలబెట్టాలి. ముందు చక్రం క్యాబిన్ వైపు గోడకు ఆనించి మధ్యలో పాత స్కూటర్ టైరు పెట్టాం, బావమరిది బండి పట్టుకుని నిలబడ్డాడు.

ముందు బెల్టులు ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం. హ్యాండిల్‌కి కడితే సులువు, అందరూ అక్కడే కడతారు, కానీ గట్టిగా లాగితే హ్యాండిల్ క్లాంపులోనే తిరిగిపోతుంది, లివర్లూ స్విచ్‌లూ నలుగుతాయి. ముందు చక్రాన్ని మోసే రెండు ఫోర్కులనూ కలిపి పట్టుకునే కింది ఇనుప ముక్క ఉంటుంది, మెకానిక్‌లు టీ అంటారు, సాఫ్ట్ లూపులు దానికి చుట్టాను. పికప్ ముందు మూలల్లో ఎవరో ఎప్పుడో రెండు రింగులు వెల్డింగ్ చేయించారు, అదృష్టం. అక్కడి నుంచి టీ దాకా బెల్టు ముందుకూ కిందికీ పక్కకూ ఒకేసారి లాగుతుంది.

రాచెట్‌తో మొదటిసారి ఎవరైనా చేసే తప్పు నేనూ చేశాను. మధ్యలో ఇరుసుకి చీలిక ఉంటుంది, బెల్టు కొస అందులోంచి దూర్చి, ముందు చేత్తోనే వదులంతా లాగేసుకుని, తర్వాత హ్యాండిల్ ఆడించాలి. నేను వదులు లాగకుండానే టకటకా ఆడించడం మొదలుపెట్టాను. అడుగున్నర బెల్టు ఇరుసు చుట్టూ ఉల్లిపాయలా పేరుకుపోయింది, బిగుతు ఇంకా రానే లేదు, రాచెట్ మాత్రం ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. విప్పడానికి లోపలి లివర్ లాగి హ్యాండిల్‌ని పూర్తిగా బల్లపరుపుగా తెరవాలి, అలా తెరిచినా చుట్టలు వదల్లేదు, స్క్రూ డ్రైవర్‌తో పొర పొరా పీకాల్సి వచ్చింది, బొటనవేలి చర్మం కాస్త అక్కడే వదిలేశాను. డ్రైవరన్న బీడీ ముట్టించుకుని చూస్తున్నాడు. ఈపాటికి తాడుతో మూడు బళ్ళు కట్టేవాణ్ణని ఆ చూపు చెప్తోంది. రెండోసారి వదులంతా లాగి పెడితే ఇరుసు చుట్టూ రెండు చుట్లకే బిగుసుకుంది. అంతే ఉండాలి. రెండుకు తక్కువైతే జారొచ్చు, మూడు దాటితే ఉల్లిపాయే.

ఎంత బిగించాలి అన్నది నాకు పట్టిన పెద్ద సందేహం. క్లాసిక్ ముందు ఫోర్కు 130 మిల్లీమీటర్లు దిగగలదు. బండి తన బరువుకే కొంత దిగి ఉంటుంది. బెల్టులు దాన్ని ఇంకొంచెం నొక్కి పట్టాలి, ఎందుకంటే గుంటలో బండి ఎగిరితే స్ప్రింగు తన్నుతూ బెల్టును బిగువుగానే ఉంచుతుంది. నొక్కకుండా కడితే ప్రతి ఎగురుకీ బెల్టు వదులై మళ్ళీ బిగుస్తుంది, ఆ వదులైన క్షణంలోనే కొక్కేలు ఊడతాయి. అలాగని పూర్తిగా అణిచేస్తే ఫోర్కుకు కదిలే చోటుండదు, లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ళు కారొచ్చు. ముందు ఇరుసు నట్టు నుంచి హెడ్‌లైట్ కింది అంచుకు టేపు పెట్టి కొలుచుకుని, నాలుగు సెంటీమీటర్లు తగ్గేదాకా ఎడమా కుడీ మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించాను. యూట్యూబ్‌లో టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చెక్క దిమ్మ పెట్టమంటారు, అది మడ్‌గార్డు పైన ఎత్తుగా ఉండే డర్ట్ బైకులకు. మన క్లాసిక్ మడ్‌గార్డు చక్రంతోపాటే కదులుతుంది కాబట్టి దిమ్మ పెట్టినా ఒరిగేదేం ఉండదు.

వెనక బెల్టులు వెనక కూర్చునేవాళ్ళ ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కి వేశాను. సైలెన్సర్‌కి తగలకుండా చూసుకోవాలి, వేడి మీద ఉంటే పాలిస్టర్ కరిగిపోతుంది. వెనక వైపు లోపల రింగులు లేవు, డాలా బయట తాడు కట్టుకునే కొక్కేలే ఉన్నాయి. బెల్టు డాలా అంచు మీదుగా వంగి వెళ్ళాలి, ఆ రేకు అంచు కత్తిలా ఉంది. సైకిల్ ట్యూబ్ ముక్కలు కోసి అక్కడ తొడిగాను. ఫస్ట్ గేర్, ముందు బ్రేక్ లివర్‌ని ట్యూబ్ ముక్కతో లాగి కట్టడం, మిగిలిన బెల్టు కొసలు చుట్టి ముడి వేయడం. సీటు పట్టుకుని ఊపితే బండి ఊగలేదు, పికప్ ఊగింది. డ్రైవరన్న మొదటిసారి "మంచిగనే ఉంది" అన్నాడు.

హయత్‌నగర్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఆపించాను. ఇరవై కిలోమీటర్లు కూడా కాలేదు, ఎడమ ముందు బెల్టు వేలితో నొక్కితే లోపలికి పోతోంది. తప్పు కట్టడం వల్ల కాదది, సాఫ్ట్ లూపుల మడతలు సర్దుకుంటాయి, టైరు టైరు మీద కూర్చుంటుంది, కొత్త బెల్టు కాస్త సాగుతుంది. ఎడమకు రెండు క్లిక్కులు, కుడికి ఒకటి. మొదటి ఇరవై కిలోమీటర్లలోపు ఒకసారి ఆగకపోతే ఈ కట్టుడంతా దండగే అనిపించింది.

మళ్ళీ ఎక్కాక స్పీడు అరవై దాటగానే వెనక నుంచి గుయ్‌మని ఒకటే మోత. డ్రైవరన్న గేర్‌బాక్స్ అనుకుని భయపడ్డాడు. చూస్తే గాలికి బెల్టు వీణ తీగలా అదురుతోంది. విప్పి ఒక్క మెలిక తిప్పి మళ్ళీ కట్టాం, చప్పుడు పోయింది.

పంతంగి టోల్ దాటాక వాన మొదలైంది. నార్కట్‌పల్లిలో టీకి ఆగాం, నా మోకాలికి కూడా కాస్త చాపుకునే టైము కావాలి. వానలో బెల్టులు తడిసినా బిగువు అలాగే ఉంది, పాలిస్టర్‌కి అదో సుఖం, నైలాన్ అయితే తడిస్తే సాగుతుంది. నేను ఈ ముక్క డ్రైవరన్నకి కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన టీ తాగుతూ తలూపాడు.

సూర్యాపేట బైపాస్ దాటాక ఒక పెద్ద గుంతలో పడ్డాం. పక్కకు ఆపి వెనక్కి వెళ్ళి చూస్తే నా గుండె జారిపోయింది. కుడి వెనక బెల్టు కొక్కెం డాలా కొక్కెంలోంచి ఊడి కింద వేలాడుతోంది. మిగతా మూడూ ఉన్నాయి కాబట్టి బండి పడలేదు, వెనక చక్రం మాత్రం నాలుగు వేళ్ళు ఎడమకు జరిగింది. గుంతలో వెనక షాకబ్జర్లు నొక్కుకున్నప్పుడు బెల్టు ఒక్క క్షణం వదులైంది, నోరు తెరిచి ఉన్న కొక్కెం ఆ క్షణంలో జారిపోయింది. ముందు వైపు మూసి ఉన్న రింగులు కాబట్టి ఏమీ కాలేదు. వెనక స్ప్రింగుల్ని నేను ముందువాటిలా నొక్కి కట్టలేదు, ఆ తప్పు నాదే.

డ్రైవరన్న ఏమీ అనలేదు. సన్న సుతిలి ఒకటి తెచ్చి, నేను బెల్టు మళ్ళీ బిగించాక, కొక్కెం నోటికి అడ్డంగా నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. "కొక్కెం నోరు కట్టాలన్నా. గిది తాడైనా బెల్టైనా ఒక్కటే." తర్వాత తన లావు తాడు తీసి వెనక చక్రం రిమ్ముకు ఒక చుట్టు వేసి రెండు పక్కలా డాలా కొక్కేలకు లాగి కట్టాడు. అది ఆయన ముడి, మధ్యలో ఒక ఉచ్చు వేసి అందులోంచి తాడు లాగితే పుల్లీలా పనిచేస్తుంది, చేత్తో లాగిన తాడు రాచెట్‌తో లాగినంత బిగిసింది. నేను మూడుసార్లు అడిగి ఆ ముడి ఫోన్లో వీడియో తీసుకున్నాను.

అక్కడి నుంచి ఏం కాలేదు. ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర కాగితాలు అడిగారు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాపీలు ముందే డ్రైవర్ దగ్గర పెట్టాను, రెండు నిమిషాల్లో పంపించారు. మారిన రాష్ట్రంలో ఏడాది దాటి నడపాలంటే అక్కడి నంబరు తీసుకోవాలి, హైదరాబాద్ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఆ యాత్ర ఇంకా మొదలే కాలేదు. మంగళగిరి, దుగ్గిరాల మీదుగా మధ్యాహ్నం మూడింటికి తెనాలి చేరాం.

దింపడానికి మా వీధి చివర పాత రైస్ మిల్లు అరుగు ఉంది, బస్తాలు ఎక్కించే ఎత్తు, పికప్ ఆనిస్తే సరిగ్గా సమానం. వెనకవి ముందు విప్పి, బావమరిదిని రెండు చేతులా పట్టుకోమని, ముందు కుడి రాచెట్ తెరిచాను. నొక్కి ఉన్న ఫోర్కు ఒక్కసారిగా లేచింది, బండి ఎడమకు తుళ్ళింది, "బావా!" అని వాడి కేక. పడలేదు. చెప్పి తెరవాల్సింది.

ఫోర్కు సీళ్ళ చుట్టూ బట్టతో తుడిచి చూశాను, ఆయిల్ లేదు. ట్యాంకు మీద కొత్త గీత లేదు, పాత గుంట తప్ప. స్టార్ట్ చేసి ఒక రౌండు వేసిన బావమరిది వచ్చి "కుడి ఇండికేటర్ వెలగట్లేదు బావా" అన్నాడు. చూస్తే నేను టీకి చుట్టిన సాఫ్ట్ లూప్ కింద దాని వైరు ఇరుక్కుని మూడొందల కిలోమీటర్లు నలిగి తెగింది. చుట్టేటప్పుడు వేలు పెట్టి వెనక తడిమి ఉంటే తెలిసేది. ఇన్సులేషన్ టేపుతో పది నిమిషాల పని, డ్రైవరన్నే చేశాడు.

గురువారం ఆయన ఫోన్ చేశాడు. ఎవరిదో పల్సర్ ఖమ్మం తీసుకెళ్ళాలట. "గా బెల్టులు రాణిగంజ్‌ల ఏడ దొర్కుతయన్నా?" అని అడిగాడు. కొట్టు గుర్తులు చెప్పి, నీలం లేబుల్ చూసి తీసుకోమన్నాను.